పొగగొట్టానికి పెళ్లిచూపులు

బూడిద గుమ్మడి వడియాలన్న పేరు మా వీధిలో రెండు విధాలా సార్థకం. కోవూరు వైపు మా ఇంటికి పడమరగా ఒక ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది. దాని బాయిలర్‌కు ఊకే మేత. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే కాబట్టి, వేసవిలో పడమటి గాలి లేచిందంటే అది కులమత భేదం పాటించకుండా అందరి డాబాల మీదా సమానంగా వాలుతుంది. మా ఇంటి వడియాలు తిన్న చుట్టాలు, నువ్వులు వేశారా అని మెచ్చుకుని వెళ్లారు. మేమూ కాదనలేదు.

అలాంటిది మొన్న వరసగా నాలుగు రోజులు ఆకాశం కడిగిన ముత్యంలా మెరిసింది. మా ఆవిడ డాబా మీద వేలు రాసి చూసుకుని, "తనిఖీ వస్తున్నట్టుందండీ" అంది. ఐదో రోజు జీపు వచ్చింది.

తనిఖీ శాస్త్రం తెలియని పాఠకుల కోసం కొంచెం వివరించక తప్పదు. పొగగొట్టం తనిఖీ పెళ్లిచూపుల వంటిది. కబురు ముందే అందాలి, ఆ పూట అమ్మాయి దగ్గకూడదు. కబురు అందగానే మిల్లులో తడి ఊక పక్కకు పోయి ఎండు ఊక వస్తుంది, అదీ పిడికెడు పిడికెడుగా. సైక్లోన్‌లో పేరుకున్న బూడిదను ఖాళీ చేస్తారు. నెల్లూరు జిల్లా వాళ్లు ఈ మాట విని కంగారు పడనక్కర్లేదు, ఇది బంగాళాఖాతంలో పుట్టేది కాదు. పొగను సుడి తిప్పి బూడిదను అడుక్కి రాల్చే ఇనుప డబ్బా. అడుగు నిండిపోతే అది సుడి తిప్పడం మాని ఊరికే నిలబడుతుంది. పొగ నమూనా తీసేటప్పుడు అక్కడికక్కడే యజమానికి నోటీసు ఇవ్వాలని 1981 నాటి వాయు కాలుష్య చట్టం చెబుతోంది. మనవాళ్ల మర్యాద చట్టం కంటే నాలుగు రోజులు ముందుంటుంది.

ఇక నమూనా. దాని కోసం గొట్టానికి ఒక రంధ్రం ఉంటుంది. పొగ సుడులు సర్దుకుని తిన్నగా పారే చోటే దాన్ని పెట్టాలి కనుక, కింది వంపు నుంచి గొట్టం వ్యాసానికి ఎనిమిది రెట్లు పైన, కొసకు రెండు రెట్లు కింద ఉండాలని నియమం. అంటే ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాలి. మా మిల్లు నిచ్చెనకు కింది మెట్లు లేవు. రంధ్రం మూతకు తుప్పు పట్టింది, దాని పక్కనే కందిరీగలు కాపురం పెట్టాయి. జీపులో వచ్చిన పెద్దాయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "బాగానే ఉంది కదా" అన్నారు. అంత ఎత్తున ఏదైనా బాగానే ఉంటుంది.

అయినా కుర్రాడొకడు పాపం ఎక్కాడు. పొగ ఏ వేగంతో పైకి పోతోందో సరిగ్గా అదే వేగంతో దాన్ని పరికరంతో పీల్చాలి. నెమ్మదిగా పీలిస్తే దుమ్ము ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది, వేగంగా పీలిస్తే తక్కువ. తొందరపాటుకు ఇంత చక్కని ఫలం దక్కే ఉద్యోగం ప్రపంచంలో మరొకటి లేదు. కందిరీగలు వెంటపడటం వల్ల ఆ రోజు పని చాలా తొందరగా పూర్తయింది.

పరికరాలే అక్కర్లేని పద్ధతి ఒకటుంది. రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి పెద్దమనిషి 19వ శతాబ్దం చివర్లో తయారుచేసిన పట్టిక అది. సున్నా నుంచి ఐదు వరకు నలుపు ఛాయలు. పొగ పక్కన పెట్టి పోల్చుకోవడమే. అయితే దానికి పొగ ఉన్నప్పుడు రావాలి. మా మిల్లు పొగ రాత్రి పదకొండు తర్వాత వస్తుంది. అమావాస్య నాడు ఏ పొగకైనా ఒకటే ఛాయ.

పెద్ద గొట్టాల సంగతి వేరు. ముత్తుకూరు మండలం వైపు వెళితే థర్మల్ కేంద్రాల చిమ్నీలు మబ్బులతో మాట్లాడుతుంటాయి. 500 మెగావాట్లు, ఆపైన ఉండే యూనిట్లకు 275 మీటర్లు ఉండాలన్నది పాత నియమం. అంత ఎత్తు పొగను తగ్గించదు, పొరుగు మండలానికి సాగనంపుతుంది. బొగ్గులోని గంధకం పొగగా మారి, లోపల చల్లబడిన చోట ఆమ్లమై గోడను తినేస్తుంది. బయట కాంక్రీటు పగుళ్లు, పిడుగు తీగ, విమానాల కోసం పెట్టిన ఎర్రదీపాలు, అన్నీ చూడాలి. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి గానీ, గోడను సుత్తితో తట్టి చప్పుడు వినాలంటే ఇప్పటికీ తాడుకు వేలాడే మనిషే కావాలి. 2009లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో కడుతుండగానే చిమ్నీ కూలి పదుల సంఖ్యలో కూలీలు పోయారు. ఈ ఒక్క వాక్యంలో నేను వ్యంగ్యం ఆడటం లేదు.

మా మిల్లుకు మాత్రం అంతా సవ్యంగా ఉందనే నివేదిక వచ్చిందట. ఆ సాయంత్రమే గొట్టం నాలుగు రోజుల బాకీ వడ్డీతో తీర్చింది.

నేను ప్రభుత్వానికి ఒక ప్రతిపాదన పంపాలనుకున్నాను: గొట్టానికి అరకిలోమీటరు దూరంలో ఒక డాబా, దాని మీద తెల్ల పంచె, పంచె మీద వడియాలు. నిచ్చెన అక్కర్లేదు, కబురూ అక్కర్లేదు. రాసిన కాగితం బల్ల మీద ఉంచి కాఫీకి లేచాను. మా ఆవిడ గోడ మీదుగా మిల్లు వాచ్‌మన్‌ను పిలుస్తోంది.

"అన్నా, మళ్లీ తనిఖీ ఎప్పుడో కాస్త ముందే చెప్పు. గుమ్మడికాయలు తెప్పించుకోవాలి."