సవరణ: పీఎల్ఏ, పీహెచ్‌బీలను ఒకే గాటన కట్టొద్దు

పీఎల్ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం), పీహెచ్‌బీ (పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్) రెండు రకాల బయోప్లాస్టిక్‌లు, అంటే పెట్రోలియం నుంచి కాకుండా జీవపదార్థాల నుంచి వచ్చే ప్లాస్టిక్‌లు. వీటి మీద గత పోస్టులో ‘పీఎల్ఏ, పీహెచ్‌బీ రెండూ బ్యాక్టీరియా తయారుచేసేవే, మట్టిలో పడితే కలిసిపోతాయి’ అని ఉంది. ఆ మాట పీహెచ్‌బీకే వర్తిస్తుంది.

పీఎల్ఏలో బ్యాక్టీరియా పని సగమే. మొక్కజొన్న పిండి నుంచి తీసిన చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం ఇస్తాయి, అంతే. దాన్ని పొడవాటి గొలుసులుగా కలిపేది రసాయన ప్రక్రియ. పీఎల్ఏ త్వరగా కుళ్లాలంటే సుమారు 60 డిగ్రీల వేడి, తేమ ఉండే పారిశ్రామిక కంపోస్ట్ యూనిట్ కావాలి. పీఎల్ఏతో చేసిన టీ కప్పు మీద ‘కంపోస్టబుల్’ అని రాసున్నా సరే, పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే ఉండొచ్చు.

పీహెచ్‌బీ అలా కాదు. నత్రజని లాంటి పోషకాలు తగ్గి, కార్బన్ పుష్కలంగా దొరికినప్పుడు మన ఒళ్లు కొవ్వును దాచుకున్నట్టే కొన్ని బ్యాక్టీరియా దీన్ని తమ కణాల్లో దాచుకుంటాయి. బ్యాక్టీరియాలో పీహెచ్‌బీ ఉంటుందని 1920ల్లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్త మారిస్ లెమోయిన్ బయటపెట్టారు. కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా అయితే తన పొడి బరువులో (నీరు తీసేశాక మిగిలే బరువులో) 80 శాతం దాకా ఇదే నింపుకోగలదు! మట్టిలో, సముద్రంలో ఉండే చాలా సూక్ష్మజీవులకు దీన్ని విడగొట్టే ఎంజైములున్నాయి. అయితే రాత్రికి రాత్రే మాయమైపోదు. వస్తువు మందం, చుట్టూ ఉన్న వేడిని బట్టి నెలలు పట్టొచ్చు.

పీహెచ్‌బీ ధర ఎక్కువన్న మాటలో మాత్రం మార్పు లేదు. బ్యాక్టీరియా కణాలను పగలగొట్టి పీహెచ్‌బీని వేరుచేయడం ఇప్పటికీ ఖర్చుతో కూడిన పనే.