సవరణ: ఫొటోఎకౌస్టిక్ ఇమేజ్‌లో యావరేజింగ్ దేనికి పనికొస్తదంటే

ఫొటోఎకౌస్టిక్ అంటే లేజర్ వెలుగు కొట్టి, దానికి ఒంట్లోంచి వచ్చే శబ్దాన్ని పట్టి ఇమేజ్ కట్టడం. మొన్నటి పోస్టులో "ఫ్రేములు ఎక్కువ తీసి యావరేజ్ చేస్తే ఇమేజ్ క్లియర్‌గా వస్తది" అని ఉంది కదా, అది నాయిస్ (ఇమేజ్‌లో అడ్డదిడ్డంగా కనపడే చుక్కల గోల) వరకే అండి, 100 ఫ్రేములు కలిపితే నాయిస్ పదో వంతుకి పడిపోద్ది, అంతే. ఒకే రక్తనాళం రెండు గీతల్లా కనపడతంటే మాత్రం ఎన్ని కలిపినా పోదు, అక్కడ తేడా శబ్దం వేగంలో ఉంది, శబ్దం ఎంత దూరం నించి వచ్చిందో ఆ వేగంతోనే లెక్కేస్తాం కదా, సాఫ్ట్‌వేర్‌లో అంతటా సెకనుకి 1540 మీటర్లని పెట్టేస్తాం, కొవ్వులోనేమో 1450 దగ్గరే. నీళ్ల తొట్టిలో పెట్టి ఇమేజ్ తీస్తే, నీళ్లలో శబ్దం వేగం 20 డిగ్రీలకి 1482, మన బెజవాడ ఎండకి ఏసీ ఆగిపోయి నీళ్లు 35కి ఎక్కితే 1520. ముందు సాఫ్ట్‌వేర్‌లో ఆ వేగం నంబర్ మార్చి చూడండి, రెండు గీతలూ దగ్గరికొస్తయ్.

లేజర్ పెంచొచ్చా అని గుంటూరు తమ్ముడొకడు అడిగాడు. వద్దు బాబూ, కంటికి కనపడే రంగుల్లో చర్మం మీద ఒక్కో పల్స్‌కి చదరపు సెంటీమీటరుకి 20 మిల్లీజౌళ్లే హద్దు.