ఎనిమిదింటికి సుప్రభాతం

వేసవికి అమెరికా వచ్చిన అమ్మానాన్నలకి నయాగరా చూపించడం అయిపోయాక, బోస్టన్ వైపు ఉన్నవాళ్లకి మిగిలిన మంచి దారి బెకెట్ కొండల్లోని జేకబ్స్ పిల్లో. 1931లో అమెరికన్ నర్తకుడు టెడ్ షాన్ కొన్న పాత పొలం అది. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా నృత్యోత్సవం. క్షేత్రయ్య పదాలకి ప్రాణం పోసిన బాలసరస్వతి 1962లో అక్కడ నాట్యం చేశారని చెబితే నాన్నగారు చెప్పులేసుకుని తయారు.

చిక్కంతా ఆయన ఐఫోన్‌తోనే. బావగారికి ఎప్పుడు ఫోన్ చేయాలో లెక్కలు కట్టనక్కర్లేకుండా, ఆటోమేటిక్ టైము ఆపేసి ఇండియా టైములోనే ఉంచుతారు. తెల్లారి 5:30కి సుప్రభాతం అలారం. వేసవిలో తేడా తొమ్మిదిన్నర గంటలు కనక అది ఇక్కడ మోగేది రాత్రి 8కి. ఇంట్లో సీరియల్ హోరులో ఎవరికీ పట్టదు. టికెట్ మీద కూడా 8 అనే ఉంటే మాత్రం పట్టి తీరుతుంది.

"సైలెంట్‌లో పెట్టానమ్మా" అంటారు. పెట్టారు, అబద్ధం కాదు. సైలెంట్ ఆపేది ఫోన్ రింగుని, అలారాన్ని కాదు. ఏరోప్లేన్ మోడూ అంతే.

మొదటి మోత పర్వాలేదు, జనం ఇంకా సర్దుకుంటూనే ఉంటారు. నాన్నగారు కంగారులో పక్క బటన్ నొక్కుతారు. పాట ఆగుతుంది. నిజానికి ఆగదు, తొమ్మిది నిమిషాలు వాయిదా పడుతుందంతే.

8:09. సమకాలీన నృత్యంలో ఆపాటికి తరచూ జరిగేది ఏమిటంటే, ఏమీ జరగకపోవడం. సంగీతం లేదు. నర్తకి ఒంటికాలి మీద కదలకుండా ఉంటుంది. టెడ్ షాన్ థియేటర్ 1942 నాటి చెక్క కట్టడం, చీమ చిటుక్కుమన్నా తెలుస్తుంది. అందులో వేంకటేశ్వరుణ్ణి మేల్కొలుపుతారు. అమ్మ అలవాటుగా దణ్ణం పెడుతుంది. ముందు వరసవాళ్లు ఇదీ ప్రదర్శనలో భాగమే కాబోలని భక్తిగా తలూపుతారు. 8:18కి వాళ్ల అనుమానం తీరిపోతుంది.

ఆరుబయట వేదిక దగ్గరైతే పిట్టల గోలలో కలిసిపోయేదేమో.

కారు దిగకముందే క్లాక్ యాప్ తెరిచి చూడండి. ఒకటి ఆపితే చాలదు, 5:35, 5:40 కూడా పొంచి ఉండొచ్చు. ఫోనే ఆపేస్తే మేలు, కానీ మళ్లీ ఆన్ చేస్తే పాస్‌కోడ్ అడుగుతుంది, అది ఆయనకి గుర్తుండదు. ఏడింటి బీపీ మాత్ర అలారాన్ని మాత్రం వదిలేయొచ్చు. అది మోగేది తొమ్మిదిన్నరకి. అప్పటికి నర్తకులు వరసగా వచ్చి వంగుతూ ఉంటే, చప్పట్లలో మునిగిపోతుంది.