నీలి గుడారం గారికి, ఒక తల్లి రాయునది

మహారాజశ్రీ నీలి గుడారం గారికి,

డాలస్ శివారు నుంచి ఒక తొమ్మిదో తరగతి పిల్లాడి తల్లి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఉభయ అన్నది అలవాటుకొద్దీ రాశాను. మీరు కుశలమే. మావాడు మాత్రం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో తలకి దెబ్బ తగిలించుకొచ్చి, కర్టెన్లు దించుకుని, చలవ కళ్లద్దాలు పెట్టుకుని గదిలో పడుకున్నాడు. ఫోను కూడా ముట్టుకోవట్లేదు. పద్నాలుగేళ్లవాడు ఫోను వద్దన్నాడంటే తలకి ఎంత గట్టి దెబ్బ తగిలిందో తెలుసుకోడానికి వేరే స్కాన్ అక్కర్లేదు.

శనివారం మధ్యాహ్నం స్కూలు జిమ్‌లో 'ప్లేయర్ సేఫ్టీ' మీద పేరెంట్స్ మీటింగని ఈమెయిల్ వస్తే, నోట్‌బుక్కు పట్టుకెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. మొదట టీషర్టుల రంగు మీద చర్చ. అది తేలేసరికే నా నడుం పడిపోయింది. ఆ తర్వాత స్కూలు పండగ హోమ్‌కమింగ్‌కి బ్రిస్కెట్ మాంసం ఎవరు తెస్తారన్నది. 'మీ సమోసాలు పెడదామా' అని నన్నూ కలుపుకున్నారు, సంతోషం. అందరూ కుర్చీలు మడుస్తుంటే అప్పుడు టీముకి చందాలు పోగుచేసే బూస్టర్ క్లబ్ ప్రెసిడెంటుగారు తెర మీద మీ ఫొటో వేశారు. అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో, తలకి దెబ్బ తగిలినవాణ్ణి మైదానం పక్కనే డాక్టరు చాటుగా చూడ్డానికి వాడే గుడారం ఇదేనట, మన పిల్లలకీ కొనేద్దామట. చప్పట్లు. చందా కాగితం చేతికొచ్చింది.

'గుడారం సరే, లోపల డాక్టరెవరు?' అని చెయ్యెత్తి అడిగాను. చాలా మంచి ప్రశ్న అన్నారు. డాక్టరు సంగతి వచ్చే సీజన్‌కి చూద్దామట. ఈ సీజన్‌కి గుడారం.

మీ జాతకం నాకు తెలియంది కాదు లెండి. మా ఆయన మా డాలస్ టీము కౌబాయ్స్ భక్తుడు, ఆదివారం వస్తే మా హాల్లో మీ దర్శనం తప్పదు. అలబామా యూనివర్సిటీలో ఆటగాళ్ల దెబ్బలు చూసే ట్రైనరూ, ఇంజినీరింగ్ పిల్లలూ కలిసి మిమ్మల్ని తయారుచేశారు. 2017 నుంచి ఎన్ఎఫ్ఎల్ సైడ్‌లైన్లన్నిటి మీదా కొలువుదీరారు. ఉద్దేశం మంచిదే, కాదనను. స్టేడియమంతా అరుస్తూ, కెమెరాలు ముక్కులో దూరుతుంటే ఏ డాక్టరు మాత్రం ఏం చూస్తాడు? చాటు కావాలి. ఆ చాటున కూర్చోబెట్టి ఇవాళ ఏ స్టేడియంలో ఉన్నాం, ఆఖరి స్కోరు ఎవరిది, పోయిన వారం ఎవరితో ఆడారు, గెలిచారా అని అడుగుతారు. కళ్ల కదలిక, మెడ చూస్తారు. దెబ్బ ఎలా తగిలిందో వీడియో తిప్పి చూస్తారు. అనుమానం ఉంటే లాకర్ రూముకి పంపుతారు. అంతా బానే ఉంది.

బాగోనిది ఒక్కటే. లోపల కూర్చున్నవాడికి నిజం చెబితే నష్టం. వాడు లేస్తే ఆ స్థానంలో దిగడానికి ఇంకొకడు హెల్మెట్ తగిలించుకుని తయారుగా ఉంటాడు. చాలామంది ఒప్పందాల్లో పూర్తి డబ్బుకి గ్యారంటీ ఉండదు. తల తిరుగుతోందని ఒప్పుకుంటే వాడి రాత తిరగబడుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో పేరుమోసిన ఆటగాడు పేటన్ మానింగ్ అంతటివాడు, సీజన్ ముందు పెట్టే మెదడు పరీక్షని కావాలనే పాడుచేస్తా, అప్పుడు దెబ్బ తగిలాక పోల్చినా తేడా కనిపించదు అని 2011లో అన్నాడు. తర్వాత సరదాకి అన్నానన్నాడు. మావాడికి టీములో పెద్దపిల్లలు ఇదే చిట్కా చెప్పారు, సరదాకి కాదు.

మావాడు లైన్‌బ్యాకరు, అంటే ఎదుటి టీమువాళ్లని గుద్ది ఆపేవాడు. తొమ్మిదో తరగతి మ్యాచులు గురువారాలు. ఎదుటివాడి మోకాలు వీడి తలకి తగిలింది. లేచాడు. లేచి, తిన్నగా అవతలి టీము బెంచీ వైపు నడిచాడు. జనం నవ్వారు. ఎవరో పిల్లాడు భుజం పట్టుకుని ఇటు తిప్పాడు. అసిస్టెంట్ కోచ్ ఒంగి 'యూ గుడ్?' అన్నాడు. 'అయామ్ గుడ్, కోచ్.' మౌత్‌గార్డ్ తియ్యకుండానే అన్నాడు, దాని చివర నములుతూ, గడ్డం మీదకి చొంగ కారుతున్నా తెలియకుండా. అయిపోయింది పరీక్ష. కాసేపటికి మళ్లీ మైదానంలో ఉన్నాడు. ఉన్న ఒక్క ట్రైనరూ ఆ సాయంత్రం ఇంకో గ్రౌండులో ఉంది.

నేను మెట్లు దిగి కంచె దగ్గరికెళ్లి, వాణ్ణి బయటికి పంపమన్నాను. 2011 నుంచి టెక్సస్‌లో చట్టం ఉంది. కోచ్‌కి గానీ, డాక్టరుకి గానీ, కన్నవాళ్లకి గానీ అనుమానం వస్తే చాలు, పిల్లాణ్ణి ఆపాలి. డాక్టరు రాసిచ్చేదాకా దించకూడదు. ఇది చదివానని ఆగస్టులో నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు. నేను నిజంగానే చదివాను, అదీ వాళ్లకి వచ్చిన చిక్కు. మావాడు ఆ రోజు నుంచీ నాతో మాట్లాడటం లేదు. నిన్న అన్నం పెట్టుకుని వెళ్తే ఒక్క ముక్క అన్నాడు: 'టువా మళ్లీ ఆడలేదా?'

ఆడాడు. అదే నా ఏడుపు.

2022 సెప్టెంబర్ 25, మయామీ. బఫెలోతో ఆటలో మయామీ టీము ఆటగాడు టువా టాగోవైలోవా వెనక్కి పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది. లేచాడు, తల విదిలించాడు, నాలుగడుగులు వేయబోయి కూలాడు. మా అత్తగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. ఆవిడకి టచ్‌డౌన్ అంటే ఏమిటో తెలియదు. 'అయ్యయ్యో, పిల్లాడు తూలుతున్నాడు, కూర్చోబెట్టండర్రా' అని టీవీతో మొత్తుకున్నారు. అక్కడి డాక్టర్లు మాత్రం లోపలికి తీసుకెళ్లి చూసి, రెండో సగానికి తిరిగి పంపారు. తల కాదట, నడుమట. నాలుగు రోజులకే గురువారం రాత్రి సిన్సినాటీలో దించారు. మళ్లీ నేలకేసి కొట్టారు. ఈసారి చేతివేళ్లు మొహం ముందు కొయ్యబారిపోయి, తలో దిక్కుకీ వంకర్లు తిరిగి ఉండిపోయాయి. స్ట్రెచర్ వచ్చింది.

తర్వాత లీగూ, ఆటగాళ్ల సంఘమూ కలిసి విచారణ చేశాయి. తేల్చిందేమిటయ్యా అంటే, తలదెబ్బల ప్రోటోకాల్‌లో చెప్పిన మెట్లన్నీ ఎక్కారు, ఫలితం మాత్రం ప్రోటోకాల్ అనుకున్నట్టు రాలేదు. ఆపరేషన్ సక్సెస్ అన్నమాట. పేషెంట్ బతికున్నాడు, అంతే తేడా. అక్టోబర్‌లో నిబంధన మార్చారు, దెబ్బ తగిలి నడక తూలినవాణ్ణి ఇక ఆ రోజు ఆడించకూడదని. అంటే అప్పటిదాకా, తూలింది నడుం వల్లే అని రాసుకుంటే ఆడించొచ్చు! మా అత్తగారు సోఫాలోంచి ఇచ్చిన తీర్పు కాగితం మీదకి రావడానికి ఒక మనిషి వేళ్లు వంకర్లు పోవలసి వచ్చింది.

అదే టువా 2024 సెప్టెంబర్‌లో అదే బఫెలో మీద మళ్లీ తలకి దెబ్బ తిన్నాడు. హెల్మెట్ మీద వేసుకునే మెత్తటి గార్డియన్ క్యాప్‌ని ఆ ఏడే మ్యాచుల్లోకీ అనుమతించారు. పెట్టుకుంటావా అంటే వద్దు, అది నా ఇష్టం అన్నాడు. పెట్టుకుంటే కొంత మేలే, కాదనను. కానీ హెల్మెట్ కాపాడేది పుర్రెని. లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఆవకాయ జాడీకి ఎన్ని దుప్పట్లు చుట్టి లారీలో పడేస్తే మాత్రం లోపల నూనె తొణక్కుండా ఉంటుందా?

ఇంతకీ నీ యజమానుల, అదే ఎన్ఎఫ్ఎల్ వాళ్ల, చరిత్ర నీకెవరైనా చెప్పారా? 1994లో మెదడు దెబ్బల మీద కమిటీ వేసి, దానికి అధ్యక్షుడిగా కీళ్ల డాక్టర్ని పెట్టారు. మాజీ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 2002లో యాభై ఏళ్లకే పోతే, పిట్స్‌బర్గ్‌లో శవపరీక్ష చేసిన బెన్నెట్ ఒమాలు ఆ మెదడులో, తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు (సీటీఈ) చూపించి 2005లో వ్యాసం రాశాడు. కమిటీ డాక్టర్లు ఏం చేశారు? వ్యాసం వెనక్కి తీసుకోమన్నారు. బాస్టన్ యూనివర్సిటీ వాళ్లు 2017లో, కుటుంబాలు ఇచ్చిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో ఆ జబ్బు ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే ఇస్తాయి కాబట్టి అందరికీ అంతే అనలేం, ఒప్పుకుంటాను. మరి లీగు పెద్దమనిషి ఒకాయన ఫుట్‌బాల్‌కీ దానికీ సంబంధం ఉందని నోరు విప్పి ఒప్పుకున్నదెప్పుడు? 2016లో. మాజీ ఆటగాళ్లకి నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడేమో, నల్లవాళ్ల మెదడు మొదట్నుంచీ తక్కువ స్థాయిలో ఉంటుందని లెక్కలో పెట్టుకున్నారు, పరిహారం దాకా రాకుండా. 2021లో గోల అయ్యాక మానుకుంటామన్నారు. సిగ్గుండాలి.

వాళ్లు నిన్ను తెచ్చింది ఆ పిల్లల తలల కోసమా, తమ తల దాచుకోడానికా? లోపలేం జరిగిందో ఎవరికీ కనబడదు, బయటికొచ్చినవాడు చప్పట్లు కొట్టుకుంటూ పరిగెత్తుతాడు, అనౌన్సర్ 'మంచి వార్త' అంటాడు. నాకు ఒళ్లు మండేది ఆ 'మంచి వార్త' విన్నప్పుడే.

గడ్డి సంగతి నీకు సంబంధం లేదు గానీ కడుపుమంట కొద్దీ చెబుతున్నా. ప్లాస్టిక్ టర్ఫ్ మీద మోకాళ్లు పోతున్నాయి, పచ్చగడ్డి వెయ్యండని ఆటగాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటే వినరు. 2026 సాకర్ ప్రపంచకప్పుకి ఫీఫా గడ్డే కావాలనేసరికి ఆర్లింగ్టన్‌లోని మా కౌబాయ్స్ స్టేడియంతో సహా అందరూ సరేనన్నారు. చుట్టాలకి పట్టుపరుపు, ఇంటివాళ్లకి చాప.

ఒక్క రాత్రికి మాత్రం దణ్ణం పెడతాను. 2023 జనవరి 2, సిన్సినాటీ. బఫెలో ఆటగాడు డమార్ హామ్లిన్ గుండె ఆగి కూలిపోతే, క్షణం ఆలస్యం లేకుండా సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. ఎవరు ఏం చెయ్యాలో ముందే అభ్యాసం చేసి ఉన్నారు కాబట్టి అయింది. ఆ రాత్రి నీ అవసరమే పడలేదు. తోటివాళ్లే చుట్టూ గుండ్రంగా నిలబడి కెమెరాలకి అడ్డమయ్యారు.

అందుకని చందా కాగితం మీద నీ పేరు కొట్టేసి, 'గురువారం మ్యాచులకి రెండో ట్రైనరు' అని రాసి, నా వంతు అంకె వేసి ఇచ్చాను. ప్రెసిడెంటుగారు మళ్లీ చాలా మంచి ఆలోచన అన్నారు. వాళ్ల ధోరణి చూస్తే ముందు వచ్చేది నువ్వే. సరే, రా. డాక్టరు దొరికేదాకా ఊరికే ఉండకు, నీడపట్టున నాచోలైనా అమ్ము. మావాడు నీలోకి వచ్చి 'అయామ్ గుడ్' అన్నాడో, నమ్మకు. కంచె దగ్గరే ఉంటాను, నన్ను పిలు.

ఇట్లు,
లైన్‌బ్యాకరు వాళ్లమ్మ