పక్షవాతానికి ‘ఆరు నెలలే గడువు’ అనే సందేశానికి మా జవాబు

పక్షవాతం వచ్చినవాళ్ళని ఇంట్లో ఎలా చూసుకోవాలో చెప్పే సందేశం ఒకటి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతోంది. మాటలు అక్కడక్కడా మారినా సారం ఒకటే. పడిపోగానే వేళ్ళ కొనలు సూదితో గుచ్చి రక్తం తీయండి. చెయ్యీ కాలూ ఆరు నెలల్లో రాకపోతే ఇక రావు. మనిషిని కష్టపెట్టకుండా అన్నీ మీరే చేసిపెట్టండి. బంతి ఇచ్చి పిసికించండి, పడిపోయిన చేతిని పైకి లాగి సాగదీయండి. జావ, చారు, కొబ్బరినీళ్ళు పట్టించండి. మాట పోయిందంటే తెలివీ పోయినట్టే. ఇంగ్లీషు మాత్రలు ఆపి నలభై రోజులు పసరు తాగించండి. భార్య ఓపికే అసలు మందు.

పంపేవాళ్ళలో చాలామంది మేలు కోరే పంపుతున్నారు. కానీ ఇవి పాటిస్తే, పగలూ రాత్రీ పక్కనుండి చూసుకునే భార్య చేతనో భర్త చేతనో రోగికి హాని జరుగుతుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాం.

‘సూదితో గుచ్చి రక్తం తీయండి’

మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లో, చిట్లడం వల్లో వచ్చేది పక్షవాతం. వేలి కొన నుంచి నాలుగు చుక్కలు తీస్తే మెదడులో ఏమీ మారదు. పోయేది సమయం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పెద్ద నాళం మూసుకుపోయిన కొందరికి గొట్టం పంపి గడ్డను బయటికి లాగే చికిత్స 24 గంటల వరకూ చేస్తారు. గడ్డో, రక్తస్రావమో సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది కాబట్టి ఇంట్లో యాస్పిరిన్ కూడా వేయకూడదు. ఒకసారి వచ్చినవాళ్ళకి మళ్ళీ వచ్చే ముప్పు ఎక్కువ. మూతి వంకర పోయినా, చెయ్యి జారిపోతున్నా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం కాగితం మీద రాసుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

‘ఆరు నెలల్లో రాకపోతే ఇక రాదు’

ఈ సందేశంలో అన్నిటికంటే నష్టం చేసే మాట ఇదే. సగం నిజం ఉంది కాబట్టే అందరూ నమ్ముతున్నారు. మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది. మెదడు తనంతట తాను సర్దుకునే దశ అది. తర్వాత వేగం తగ్గుతుంది, అంతేగాని తలుపు మూసుకుపోదు. అమెరికాలో 222 మందితో జరిగిన ఎక్సైట్ అనే పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవాళ్ళని తీసుకున్నారు. రెండు వారాలపాటు బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఆ చేతి వాడకం మెరుగుపడింది, ఏడాది తర్వాత చూసినా నిలిచింది. మణికట్టునూ వేళ్ళనూ కొంతైనా పైకి లేపగలిగినవాళ్ళకే ఈ పద్ధతి పనికొస్తుంది. పూర్తిగా వాలిపోయిన చేతికి కాదు. ఇంట్లో సొంతంగా మంచి చేతిని కట్టేయకండి. నడిచేటప్పుడు పట్టు దొరక్క పడిపోతారు. థెరపిస్టును అడిగి చేయించండి.

ఆరు నెలల తర్వాత మెరుగుదల ఆగినట్టు కనిపించడానికి ఎప్పుడూ మెదడే కారణం కాదు. ఫిజియోథెరపీ మానేయడం, చెయ్యి బిగుసుకుపోవడం, దిగులు. బిగుతుకు బాక్లోఫెన్ మాత్రలున్నాయి, బొటాక్స్ ఇంజెక్షన్లున్నాయి. దిగులుకూ చికిత్స ఉంది. ఇంకో సంగతి: ‘చెయ్యి ఎంత లేచింది’ అని మాత్రమే చూస్తే నెలల తరబడి ఏమీ కనిపించదు. మంచం మీంచి ఎంత సాయంతో లేచారు, గ్లాసు తామే పట్టుకున్నారా, బాత్రూమ్‌కి ఎన్ని నిమిషాల్లో వెళ్ళారు అని నెలకోసారి రాసిపెట్టుకోండి. మెరుగుదల అక్కడ కనబడుతుంది.

‘అన్నీ మీరే చేసిపెట్టండి’

ప్రేమతో చేసే తప్పు ఇది. ముద్దలు కలిపి నోట్లో పెట్టడం, నిమిషంలో చొక్కా తొడిగేయడం చూడటానికి సేవలాగే ఉంటుంది. కానీ వాడని చెయ్యి మెదడు లెక్కలోంచే జారిపోతుంది. గంటసేపు థెరపీ చేయించి, మిగతా పగలంతా అన్నీ మనమే చేసిపెడితే ఆ గంట ఎందుకూ కొరగాదు. సాయం చేయాల్సిందే, అయితే మెట్లు మెట్లుగా. ముందు మాటతో చెప్పండి. ఆగి చూడండి. కదలకపోతే వేలితో తాకి గుర్తుచేయండి. అప్పటికీ కాకపోతేనే చెయ్యి పట్టి సాయం చేయండి.

చొక్కా సంగతే చూడండి. పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టాలి. పడిపోయిన చేతికి ముందు తొడగాలి. చేతిని మోచేయి దాటించి భుజం దాకా ఎక్కించాలి, మోచేతి దగ్గర ఆపితే జారిపోతుంది. తర్వాత వీపు వెనక నుంచి తెచ్చి మంచి చెయ్యి దూర్చాలి. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. ఆడవాళ్ళకి ముందువైపు జిప్పున్న నైటీ సులువు. మగవాళ్ళకి లుంగీ కంటే ఎలాస్టిక్ ప్యాంటు మంచిది, నడుస్తుంటే కాళ్ళకు చుట్టుకోదు. ఇదంతా పావుగంట పడుతుంది. ఆసుపత్రికి బయల్దేరే రోజు తొందరలో మీరే తొడిగేయండి, తప్పేం లేదు. మిగతా రోజుల్లో పావుగంట ముందే మొదలుపెట్టండి.

మంచం మీంచి కుర్చీలోకి మార్చడం దగ్గర ఎక్కువమంది దెబ్బలు తగిలించుకుంటారు, రోగీ, చూసుకునేవాళ్ళూ. కుర్చీ మంచి వైపున, మంచానికి కాస్త ఏటవాలుగా ఉండాలి. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేసి, కాళ్ళు పెట్టే పలకలు పక్కకి తిప్పాలి. రోగి పిరుదులు మంచం అంచుకు జరపాలి, పాదాలు మోకాళ్ళకంటే కొద్దిగా వెనక్కి పెట్టాలి. ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేంత ముందుకు వంగితేగాని పిరుదులు లేవవు. వెనక్కి వాలి ఉన్న మనిషిని లాగి లేపబోతే మీ నడుం పోతుంది. మీరు ఎదురుగా నిలబడి, రోగి బలహీనమైన మోకాలు మడత పడకుండా మీ మోకాలు అడ్డం పెట్టండి. పట్టుకోవాల్సింది నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టును. చంకలో చెయ్యి పెట్టి ఎత్తకండి, మీ మెడ చుట్టూ చేతులు వేయించుకోకండి. మీ వీపు నిటారుగా ఉంచి మోకాళ్ళు వంచండి. నులక మంచం, కుంగిపోయిన పరుపు వద్దు. తుంటి గుంటలోకి దిగితే బలమున్న మనిషికే లేవడం కష్టం.

నడిచేటప్పుడు కర్ర మంచి చేతిలో ఉండాలి. మీరు బలహీనమైన వైపు, అర అడుగు వెనక నడవండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు. బాత్రూమ్‌లో తడి నేల, పట్టుకోవడానికి ఏమీ లేకపోవడం పెద్ద ప్రమాదం. మంచి చేతి వైపు గోడకి స్టీలు కడ్డీ, కూర్చుని స్నానం చేయడానికి కదలని కుర్చీ పెట్టించండి. పట్టుకోవడానికి టవల్ రాడ్డు పనికిరాదు, బరువు పడితే ఊడొస్తుంది.

మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరు ఎడమ వైపును గమనించరు. కంచంలో కుడి పక్క అన్నం తిని ఎడమ పక్కది వదిలేస్తారు, ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటారు. అది మొండితనం కాదు. తల ఎడమకి తిప్పమని గుర్తుచేయండి, మాట్లాడేటప్పుడు మీరే కాస్త ఎడమ వైపు కూర్చోండి.

‘బంతి పిసికించండి, చెయ్యి పైకి లాగండి’

మొదట్లో భుజం కండరాలు వదులైపోయి, చేతి బరువుకే కీలు కిందికి జారుతుంది. ఆ చేతిని పట్టి లాగినా, గోడకి కప్పీ వేసి తాడుతో పైకి లాగించినా నొప్పి మొదలై ఏళ్ళ తరబడి ఉండిపోవచ్చు. కూర్చున్నప్పుడు ముంజేయి బల్ల మీదో దిండు మీదో ఆనించి ఉంచండి. చెయ్యి కదిలించాలంటే మోచేతి కిందా మణికట్టు కిందా రెండు చేతులూ వేసి మెల్లగా కదిలించండి.

బంతి విషయానికొస్తే, బిగుసుకున్న చేతిలో వేళ్ళు ముడుచుకునే ఉంటాయి. రానిది తెరవడం. పిసికితే మూసే కండరాలకే మరింత పని పడుతుంది. దాని బదులు అరచేయి బల్ల మీద పరిచి దాని మీద కొంచెం బరువు ఆనించడం, మడిచిన తువ్వాలును ముందుకు తోయడం, ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుని వదలడం చేయించండి. వదలడమే అసలు పాఠం.

నూనె మర్దన మెల్లగా చేస్తే చర్మానికి హాయి, అంతవరకే. స్పర్శ తెలియని చేతికి వేడి కాపడం పెడితే బొబ్బలెక్కుతాయి. ఒక కాలి పిక్క వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే మర్దన చేయకండి. అక్కడ రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

‘జావ, చారు, కొబ్బరినీళ్ళు పట్టించండి’

మింగడం దెబ్బతిన్న మనిషికి పలచటివే ఎక్కువ ప్రమాదం. నీళ్ళు, చారు, పలచటి మజ్జిగ గొంతు సర్దుకునేలోపే జారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చారన్నం మరీ చిక్కు, గట్టిదీ పలచనిదీ ఒకేసారి నోట్లో ఉంటాయి. తింటూ దగ్గడం, మింగాక గొంతు తడితడిగా గురగురలాడటం, మళ్ళీ మళ్ళీ జ్వరం రావడం గుర్తులు. కొందరికి దగ్గు కూడా రాదు, నిశ్శబ్దంగా పోతుంది. కాబట్టి ఎంత చిక్కగా పెట్టాలో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి. ఇంట్లో చేయగలిగింది ఇది: నిటారుగా కూర్చోబెట్టండి. టీవీ ఆపండి. టీ చెంచాతో కొంచెం కొంచెంగా పెట్టి, మింగారని చూశాకే మరో చెంచా ఇవ్వండి. స్ట్రా వద్దు. చివర్లో బలహీనమైన వైపు దవడలో మెతుకులు మిగిలాయేమో చూసి నోరు శుభ్రం చేయండి. తర్వాత అరగంట పడుకోబెట్టకండి.

‘మాట పోయిందంటే తెలివి పోయినట్టే’

కాదు. మాటలు కూర్చే భాగం దెబ్బతిన్నా మనుషులను గుర్తుపట్టడం, ఇంటి విషయాల మీద ఇష్టాయిష్టాలు నిలిచే ఉండొచ్చు. చెవులు పనిచేస్తున్న మనిషి దగ్గర గట్టిగా అరవకండి. చిన్న వాక్యం చెప్పి, మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఆగండి. ‘ఏం కావాలి?’ అనడం కంటే ‘కాఫీయా, మజ్జిగా?’ అని రెండూ చూపించి అడగండి. పొలం, డబ్బు, పెళ్ళి సంబంధాల సంగతులు ఆ మనిషి ఎదుటే, ఆ మనిషితో కలిసే మాట్లాడండి. మాట్లాడలేనివాళ్ళు కూడా పాట అందుకోవడం ఉంది, అది చూసి నటిస్తున్నారని అనుకోవద్దు.

‘మాత్రలు ఆపి పసరు తాగించండి’

ఇది ప్రాణం తీసే సలహా. బీపీ మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు వేసుకునేది చెయ్యి లేవడానికి కాదు, ఇంకోసారి రాకుండా. ‘మాత్రలతో చెయ్యి రాలేదు’ అని ఆపేవాళ్ళు ఇది గుర్తించరు. బీపీ చాలామందిలో 130/80 కంటే తక్కువ ఉండేలా చూస్తారు. వారానికి రెండు మూడుసార్లు మంచి చేతికే పట్టీ కట్టి కొలిచి రాయండి. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాముల లోపే. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు కూడా ఆ లెక్కలోనే. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర వాడుతుంటే ఆకుకూరలు మానక్కర్లేదు, వారం వారం ఒకే మోతాదులో తినాలి. పసరు మందుల్లో ఏముందో తెలియదు కాబట్టి వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం కావచ్చు.

‘భార్య ఓపికే మందు’

ఈ మాట విని చూసుకునేవాళ్ళు చాలామంది తమ మాత్రలు తాము మర్చిపోతారు, నడుం విరగ్గొట్టుకుంటారు, రాత్రి నిద్రలేక కుంగిపోతారు. పక్షవాతం తర్వాత సుమారు ముగ్గురిలో ఒకరికి దిగులు జబ్బు వస్తుంది. చూసుకునేవాళ్ళకూ వస్తుంది. రోగి ఊరికే ఏడవడం, నవ్వడం చేస్తుంటే అది మెదడు దెబ్బ వల్ల కావచ్చు, దానికి మందులున్నాయి. దాంపత్య జీవితం గురించి డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. బీపీ అదుపులో ఉన్న చాలామందికి అది నిషిద్ధం కాదు.

ప్రభుత్వ సాయం కోసం వైకల్య ధ్రువపత్రం (ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరంలో ఇస్తారు) తీసుకోండి, పింఛనుకు అదే ఆధారం. పిల్లలకో, తోబుట్టువులకో వారంలో కనీసం రెండు పూటలు అప్పగించండి. అప్పగించే ముందు ఒక కాగితం రాసివ్వండి: తిండి ఎంత చిక్కగా ఉండాలి, ఏ మాత్ర ఎన్నింటికి, కుర్చీ ఏ వైపు పెట్టాలి, మూత్రానికి రెండు గంటలకోసారి అడగాలి, చంకలో చెయ్యి పెట్టి లేపకూడదు.