కోరింగలో ఏ చెట్టు బతకాలో ఎవరు డిసైడ్ చేస్తున్నారు?

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి వెళ్లినవాళ్లు ఎక్కువమంది ఆ చెక్క వంతెన మీద నడిచి, నాలుగు ఫొటోలు దిగి, బోటెక్కి వచ్చేస్తారు, మొదటిసారి నేనూ అంతే. రెండోసారి నీళ్లు వెనక్కి పోయిన టైమ్‌లో వెళ్లా. బురద నిండా పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి మడ చెట్టు ఊపిరి వేళ్లు, ఎందుకంటే కింద బురదలో గాలి ఆడదు, పైకొచ్చి పీల్చుకోవాల్సిందే. అదే అడవిలో పెరిగే పొన్న చెట్టుది (ఉప్పు పొన్న, పూల పొన్న కాదు) వేరే పద్ధతి, కాండం నుంచి కర్రల్లాంటి వేళ్లు దించి ఊతకాళ్ల మీద నిలబడినట్టు ఉంటుంది.

ఉప్పు విషయంలో కూడా అంతే, ఎవరి తెలివి వాళ్లది. పొన్న ఉప్పుని చాలావరకు వేరు దగ్గరే వడగట్టి ఆపేస్తుంది, మడ కొంత లోపలికి రానిచ్చి ఆకుల మీద గ్రంథుల్లోంచి బయటికి కక్కేస్తుంది, ఎండలో ఆకు నాకి చూస్తే ఉప్పగా ఉంటుంది (నేను చూశా, నవ్వుకోండి). అందుకే ఉప్పు బాగా పెరిగిన చోట చివరికి మిగిలేది ఎక్కువగా మడలోనే ఒక రకమైన తెల్ల మడే.

ఏ చెట్టు ఎక్కడ బతుకుతుందనే దాన్ని సైన్సువాళ్లు జల్లెడతో పోలుస్తారు. విత్తనం ఆ చోటికి చేరాలి, చేరాక అక్కడి నీళ్లూ ఉప్పూ తట్టుకోవాలి, ఆ తర్వాత ఇరుగుపొరుగుతో నెగ్గుకు రావాలి, అక్కడ పీతలు కూడా ఊరుకోవు, మొలకల్ని కొరికేస్తాయి. ఇంతవరకు పుస్తకాల్లో ఉన్నదే. నాకు అసలు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఈ జల్లెడకి మనం పెట్టిన కన్నాలు.

కట్టెల కోసం చెట్టు నరికారనుకోండి. మడ, తిల్ల (ఈ అడవిలోదే ఇంకో చెట్టు) మొదలు నుంచి మళ్లీ చిగురేస్తాయి, పొన్నకి ఆ శక్తి లేదు, ముదురు కొమ్మ నరికితే చాలాసార్లు చచ్చిపోతుంది. అంటే గొడ్డలి పడిన ప్రతిసారీ పొన్న ఓడిపోతుంది. తర్వాత గేదెలు వస్తాయి. మడ ఆకు వాటికి మంచి మేత, తిల్ల ఆకు తుంచితే విషప్పాలు కారతాయి, కంట్లో పడితే చూపు పోతుందని భయం, గేదె దాని జోలికి పోదు. అప్పుడు గెలిచేది తిల్ల. గొడ్డలికి చిగురించే గుణం కావాలి, గేదెకి చేదు కావాలి, ఉప్పుకి గ్రంథులు కావాలి. ఇవాళ ఒక చోట మీకు ఏ చెట్లు కనిపిస్తున్నాయో చూసి అక్కడ ఇన్నేళ్లూ ఏం జరిగిందో కొంతవరకు ఊహించొచ్చు.

కానీ మన లెక్కలు అలా ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లు అని 2021 అటవీ సర్వే రిపోర్టు చెప్తుంది, 2019లో 404, ఒకటి పెరిగింది, సంతోషమే. అందులో పొన్న ఎంత, తిల్ల ఎంత అనేది ఈ ఒక్క నంబర్‌లో తెలీదు. పొన్నంతా పోయి తెల్ల మడ వచ్చినా 405 కదలదు. 2023 బడ్జెట్‌లో కేంద్రం మిష్టి అని మడ అడవుల పెంపకం స్కీమ్ ప్రకటించింది, ఐడియా మంచిదే, నా భయమల్లా ఎన్ని లక్షల మొక్కలు నాటామనే బోర్డుల దగ్గరే అది ఆగిపోతుందేమో అని.

ఎందుకంటే చాలా చోట్ల కొరత మొక్కలది కాదు, నీళ్ల రాకపోకలది. చెట్లు కొట్టేసిన నేల ఎండకి కుంగి పళ్లెంలా తయారవుతుంది, పోటు నీళ్లు వచ్చి నిలిచిపోతాయి, ఆవిరై ఉప్పు మిగుల్తుంది, అక్కడ ఎంత మంచి మొక్క నాటినా మాడిపోతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు తమిళనాడులోని పిచ్చావరంలో, తర్వాత గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేసింది చూడండి: చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు వచ్చి పోయేలా చేసి, ఆ గట్ల మీద నాటారు. వదిలేసిన రొయ్యల చెరువుల సంగతీ ఇంతే, గట్టు అలాగే ఉంటే నీళ్లూ రావు, నీళ్లతో కొట్టుకొచ్చే విత్తనాలూ రావు. గట్టు తెగ్గొడితే కొన్ని చోట్ల నాటే పని కూడా తగ్గుతుంది, మునక్కాయలా వేలాడే పొన్న మొలకలూ, చిక్కుడు గింజలాంటి మడ విత్తనాలూ తేలుతూ అవే వస్తాయి, దగ్గర్లో తల్లిచెట్లు ఉంటేనే అనుకోండి.

ఇంకో మాట, ఇది కొంచెం చేదుగా ఉంటుంది. ఉప్పుని పలచన చేసేది గోదావరి మంచినీళ్లు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఆ నీళ్లు పొలాలకి మళ్లుతున్నాయి, డెల్టా బతికింది కూడా వాటితోనే, దాన్ని తప్పనడం నా ఉద్దేశం కాదు. కానీ ఎండాకాలంలో ధవళేశ్వరం దాటి సముద్రం వైపు వెళ్లే నీళ్లు బాగా తగ్గిపోతాయి, సరిగ్గా అప్పుడే అడవికి ఉప్పు ఎక్కువవుతుంది. కోరింగని అభయారణ్యంగా ప్రకటించింది 1978లో, దాన్ని చూసుకునేది ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్. ధవళేశ్వరం గేట్లు ఎత్తేదీ దించేదీ మాత్రం ఇరిగేషన్ వాళ్లు.