హాక్ అల్లుడు గారికి, మామగారి వీధి నుంచి

బ్రిటన్‌లో పుట్టి, మా కుర్ర పైలట్లకు జెట్ నడపడం నేర్పే విమానం చిరంజీవి హాక్ అల్లుడు గారికి,

విశాఖపట్నం నుంచి మీ మామ వరసవాడు దీవించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు మా ఊరి నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగుతున్నప్పుడు మా డాబా మీద వడియాలు ఆరబెట్టుకునే ఆవిడ చెవులు మూసుకుని తలెత్తి చూస్తుంది. ఆ మోతే మాకు మీ క్షేమ సమాచారం. రెండు రోజులు మోత లేకపోతే టెన్షన్. సెలవా, అలకా అని.

2013 నవంబరులో మీరు నౌకాదళం తరఫున మా ఊరొచ్చినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. హాక్ అంటే తెలుగులో డేగే కదా. డేగ వచ్చి డేగాలో వాలింది. ఇంత చక్కగా కుదిరిన సంబంధం కుదరడానికి ఎంతకాలం పట్టిందో తలుచుకుంటే మాత్రం నవ్వు ఆగిపోతుంది.

1982లో వాయుసేన ప్రమాదాలను పరిశీలించిన లా ఫాంటేన్ కమిటీ చెప్పింది, కుర్రాళ్లకు అధునాతన జెట్ శిక్షణ విమానం కావాలని. అప్పటికి మీకు ఎనిమిదేళ్లు. తొలిసారి ఎగిరింది 1974 ఆగస్టులో కదా. పెళ్లిచూపులు మొదలుపెట్టాం. చూశాం, మళ్లీ చూశాం, ఇంకో సంబంధం చూశాం, కట్నం దగ్గర ఆగాం, ప్రభుత్వాలు మారాయి. తాంబూలాలు పుచ్చుకునేసరికి 2004 మార్చి. ఇరవై రెండేళ్లు! ఈలోగా కిరణ్ అనే చిన్న శిక్షణ జెట్ మీద నేర్చుకున్న కుర్రాళ్లు ఎకాయెకిన మిగ్-21 యుద్ధ విమానం ఎక్కారు. గంటకు మూడొందల కిలోమీటర్లు దాటిన వేగంతో నేలను తాకే బండి అది. సైకిల్ నేర్పి లారీ తాళాలు చేతిలో పెట్టినట్టు. అందులో తిరిగిరాని పిల్లల సంగతి మీతో హాస్యానికి రాయలేను, వదిలేయండి.

వాయుసేన కోసం చేసుకున్న ఆ మొదటి ఒప్పందంలో 66 మంది మీరు. 24 మంది బ్రిటన్‌లోనే తయారై రావాలి, 42 మందిని బెంగళూరులో మన ప్రభుత్వ విమానాల సంస్థ హెచ్ఏఎల్ కట్టాలి. జహీరాబాద్ దాటి కాస్త ముందుకెళ్తే వచ్చే బీదర్‌లో 2008 ఫిబ్రవరిలో గృహప్రవేశం. ఏప్రిల్ నెలాఖరుకే అక్కడ మీలో ఒకరు కూలిపోయారు. పైలట్లు బతికారు, అదే మా అదృష్టం. ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవకుండానే విడిభాగాలు సరిగ్గా అందడం లేదన్న గొడవ పత్రికలకెక్కింది.

అసలు సంగతి ఇక్కడే ఉంది అల్లుడు గారూ. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడారని పాతకాలం వాళ్లు వెక్కిరించేవారు. మేం ఏనుగు దగ్గరే ఇరవై రెండేళ్లు బేరమాడి అలిసిపోయాం. అంకుశం ఎవరి చేతిలో ఉంటుందో అడిగే ఓపిక ఎవరికి మిగిలింది?

మీ గుండె అడూర్ ఇంజిన్. రోల్స్ రాయిస్ వాళ్లకు తమ ఇంజిన్లకు నదుల పేర్లు పెట్టే అలవాటు. ఇది ఫ్రెంచి భాగస్వామితో కలిసి చేసినది కాబట్టి ఫ్రాన్సు నది పేరు. మీ కుర్చీ మార్టిన్ బేకర్ వాళ్లది. ఆపదలో పైలట్‌ను బయటికి విసిరేసే ఆ కుర్చీ కింది మందుగుండుకు గడువు తేదీ ఉంటుంది. వాడినా వాడకపోయినా తేదీ దాటితే మార్చాల్సిందే, మా ఇంట్లో దగ్గు మందు లాగే. ఇక బోల్టు సంగతి. బోల్టు కన్నా దాని జాతకం ముఖ్యం. ఏ కార్ఖానా, ఏ తేదీ, ఎవరు పరీక్షించారు అన్న కాగితం లేకపోతే ఎంత మెరిసినా మీ ఒంటి మీదికి ఎక్కదు. తప్పని అనను, పైనున్నది మా పిల్లలే. కానీ ఆ జాతకం రాసే సిద్ధాంతి సముద్రం అవతల ఉన్నాడు. మా మెకానిక్ పానా పట్టుకుని ఇక్కడున్నాడు.

ఏ దేశపు హ్యాంగర్‌లోనైనా విడిభాగం రాకపోతే జరిగేది ఒకటే. మూలన అలక పాన్పు ఎక్కిన విమానం ఒంటి మీదివి ఊడదీసి పక్కదానికి తొడుగుతారు. తోడికోడలి గొలుసు వేసుకుని పేరంటానికి వెళ్లినట్టు. వెళ్లినావిడ కళకళలాడుతుంది, ఇంట్లో ఉన్నావిడ మెడ బోసి. దానికి తోడు మా ఊరి ఉప్పుగాలి. మా గేటుకే ఏటా రంగు వేయించాలి, మిమ్మల్ని ఎంత కడగాలో, ఎంత తుడవాలో! అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడంటారు. మీ మీసాలెత్తడానికి ఒకడు చాలడు.

మా ఇంటి పిల్లాడు సితార ఊసెత్తకండి. మీకన్నా కింది మెట్టు శిక్షణ కోసం తయారుచేశాం, 2003లో ఎగిరాడు. గింగిరాలు తిరిగితే తేరుకోవడం రాక ఏళ్లు గడిపాడు. 2025లో యశస్ అని పేరు మార్చాం. సంఖ్యాశాస్త్రం మీద మాకు నమ్మకం ఎక్కువ.

మీ పుట్టింటి కబుర్లు కూడా వింటున్నాం. బ్రిటన్ వాయుసేన తన కోసం ఉంచుకున్న మీ తమ్ముడు టీ2 కూడా ఇంజిన్ జబ్బుతో ఏళ్లుగా మూలుగుతున్నాడట, అక్కడి కుర్రాళ్లు శిక్షణ కోసం వరసలో కూర్చున్నారట. కన్నవారింట్లోనే అలిగితే ఇక మామగారిని ఏమనాలి? మీరు రాకముందు మా వాళ్లు వేల్స్‌లోని వ్యాలీ స్థావరానికి వెళ్లి మీ మీదే ఓనమాలు దిద్దుకొచ్చారు. 2025 అక్టోబరులో ఇంకో ఒప్పందం అయింది. ఈసారి మా శిక్షకులే వెళ్లి బ్రిటన్ కుర్రాళ్లకు పాఠాలు చెప్పాలట.

వెళ్లేవాళ్ల చేతికి ఒక సీసా గోంగూర పచ్చడి ఇచ్చి పంపాలని మా ఆవిడ పట్టుబడుతోంది. పంపుతాం. వచ్చేటప్పుడు మాత్రం చాక్లెట్లు వద్దు. ఆ ఇరవై మూడు కిలోల సూట్‌కేసులో పట్టినన్ని సీళ్లు, పంపులు వేసి పంపమని మీ వాళ్లకు రాయండి.

జాతకాలు మరిచిపోవద్దని చెప్పండి.

ఇట్లు,
మీ మామ వరసవాడు,
విశాఖపట్నం.